టాన్‌వుడ్ ఓడలో గుండ్లు

ఉదయం తొమ్మిదీ నలభై. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో త్రివేణి ల్యాప్‌టాప్ తెరిచింది. కంప్యూటర్ చూపించినా తర్వాత చూద్దామని వదిలేసిన తప్పుల జాబితాలో ముప్పై ఏడు వరుసలున్నాయి. మొదటిది: 4/20/1901. తేదీ చెల్లదు.

ఇరవయ్యో నెల ఎక్కడుంటుంది?

అది టాన్‌వుడ్ మునిగిన తేదీ. ఆమె ఆ ఓడ కార్డుల ఫోటోలు తెరిచింది.

టాన్‌వుడ్ అమెరికా నౌకాదళం కొన్న సహాయక నౌక. 1898లో యుద్ధనౌకలకు బొగ్గు మోసింది. తర్వాత ఫిరంగి గుండ్లు మోసింది. 1901 ఏప్రిల్ ఇరవైన పొగమంచులో ఇంకో ఓడ గుద్ది, న్యూజెర్సీ తీరాన మునిగింది. దాని సర్వీసు కార్డులను మ్యూజియం కోసం కంప్యూటర్‌కెక్కించింది త్రివేణే. మునిగేనాటికి ఓడ ఖాళీ అని రిపోర్ట్ ఇచ్చిందీ ఆమే. దాన్ని నమ్మే ఒక కంపెనీ శిథిలాన్ని కోసి తీయడానికి దిగింది. ఈరోజు పదింటికి నీళ్లలో కట్టర్ వెలిగించేది రుత్విక్. కింది ఫ్లాట్ వసంతలక్ష్మి కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగిన డైవర్.

కార్డులు మళ్లీ చూసింది. గుండ్లు దించినది 2/3. గుండ్లు ఎక్కించినది 4/2.

గుంటూరు బళ్లో నేర్చుకున్నట్టే ఆమె మొదటి అంకెను రోజుగా తీసుకుంది. ఫిబ్రవరి నాలుగున ఎక్కించారు, మార్చి రెండున దించేశారు, ఓడ ఖాళీ. కానీ కార్డు రాసినవాడు అమెరికన్. వాడికి మొదటి అంకె నెల. ఫిబ్రవరి మూడున దించారు. ఏప్రిల్ రెండున మళ్లీ ఎక్కించారు. పద్దెనిమిది రోజులకు మునిగింది.

తొమ్మిదీ యాభై రెండు. ఫోన్ చేసింది.

"హే ఆంటీ! సూట్ వేస్తున్న. క్విక్‌గా చెప్పు."

"రుత్విక్, దిగకు! ఆ షిప్‌లో షెల్స్ ఉన్నాయి!"

"అన్ని షిప్స్‌లో ఉంటయి ఆంటీ. నీకు పెద్దది ఒకటి తెస్తా."

"ఆ గవ్వల షెల్స్ కాదు నాయనా, గుండ్లు! ఓడ నిండా గుండ్లు!"

రుత్విక్ పగలబడి నవ్వాడు. "తిరుపతిలో నాకు చేసారు, ఆ గుండు? షిప్‌లో ఎవరు చేస్తరు ఆంటీ?"

వెనక కంప్రెసర్ హోరు. రెండు నిమిషాలే అని ఎవరో ఇంగ్లీషులో అరిచారు.

"హెల్మెట్ పెడుతున్నరు. లేటర్ మాట్లాడదాం, ఓకే?"

"బాంబులు!" త్రివేణి గొంతు చించుకుంది. "రుత్విక్, బాంబులు! కట్ చేస్తే పేలి చస్తావురా!"

ఫోన్ చేతులు మారింది. సూపర్‌వైజర్ డగ్.

"రిపోర్ట్‌లో ఖాళీ అని ఉందే. ఎవరు రాశారు?" అన్నాడు ఇంగ్లీషులో.

"నేనే. తప్పు రాశాను. నెలనీ రోజునీ తారుమారు చేశాను. కార్డుల ఫోటోలు ఇప్పుడే మెయిల్ చేస్తున్నాను, నా పేరుతోనే."

డగ్ వెంటనే ఫోన్ పక్కకు తిప్పి అరిచాడు.

"డైవర్‌ని ఆపండి!"

హోరు ఆగిపోయింది. త్రివేణి ఫోటోలు పంపింది. తర్వాత మ్యూజియంకు అదే తప్పు ఒప్పుకుంటూ రెండో మెయిల్ రాసింది.

నాలుగో రోజు నౌకాదళం నిపుణులు దిగారు. సాయంత్రం రుత్విక్ నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. బురదలోంచి తీసి ఇసుక బస్తాల మధ్య వరసగా పడుకోబెట్టిన ఫిరంగి గుండ్లు. కింద వాయిస్ మెసేజ్.

"ఆంటీ, ఫార్టీ వన్ గుండ్లు. అందరికీ నున్నగా చేసారు."