శనివారం వచ్చే అక్క

"నవ్వు మొహాలు ఒక పక్కన, ఏడుపు మొహాలు ఒక పక్కన పెట్టవే. బట్టలు మడతపెట్టి వస్తా," అని అమ్మ లోపలికి వెళ్లింది.

అమ్మ మూడో తరగతి టీచరు. పిల్లలు పేర్లు రాయకుండా నింపిన సర్వే కాగితాలు ముప్పై ఒకటి బల్ల మీదున్నాయి. బడి ఎలా అనిపిస్తుందో చెప్పడానికి బొమ్మ మొహాలు, కింద రెండు ప్రశ్నలు.

కూతురు తన హైస్కూల్లో నోట్లో నాలుక లేని పిల్ల. హాజరు పలకడానికే గొంతు పెగలదు. అక్కడ సెలవైన శనివారాల్లో మాత్రం అమ్మ క్లాసుకు వెళ్లి డిక్టేషన్లు దిద్దుతుంది. ఆ క్లాసులో తనే పులి.

'ఏ రోజు బడికి రావాలనిపించదు? ఎందుకు?' అన్నదానికి చాలామంది ఆదివారమని రాశారు. నవ్వుకుంటూ తిప్పుతుంటే, పెన్సిలు ఒత్తిడికి చిల్లులు పడ్డ కాగితం వచ్చింది.

'శనివారం. అక్క వస్తుంది.'

ఆ చిల్లులు ఎవరివో ఇట్టే తెలిసిపోయింది. మూడో బెంచీ బుజ్జిదానివి. మొన్న దాని పుస్తకం అందరికీ ఎత్తి చూపించి, "ఏమే, రాస్తున్నావా, పొలం దున్నుతున్నావా?" అంది తను. క్లాసంతా పడీపడీ నవ్వింది. తన మాటకు అంతమంది నవ్వడం అదే మొదలు. మురిసిపోయి డైరీలో కూడా రాసుకుంది.

ఇప్పుడు ఆ కాగితాన్ని మడిచి అదే డైరీలో దాచేసింది.

అమ్మ వచ్చి లెక్కపెట్టింది. "ముప్పయ్యేనా? మూడో బెంచీ బుజ్జిదే ఎగ్గొట్టి ఉంటుంది. సోమవారం చెప్తా దాని పని."

"అది ఇచ్చిందమ్మా."

"నీకెలా తెలుసు?"

డైరీ తెరిచి కాగితం ఇచ్చింది. అమ్మ చదివి, దాన్ని మిగతా కాగితాల కింద పెట్టింది.

"ఎవరు రాశారో కనుక్కోనని పిల్లలకు మాటిచ్చాను. అదీ పోయింది."

"ఇంక నేను రానులే అమ్మా."

"నవ్వించడానికి వెళ్లినదానివి, ఇప్పుడు మొహం చాటేస్తావా? రా."

శనివారం వెళ్లింది. మూడో బెంచీ దగ్గర ఆగగానే బుజ్జిది రెండు చేతులూ పుస్తకం మీద కప్పేసింది.

"అందరికీ చూపిస్తావా అక్కా?"

"చూపించను." హాజరు పలికేటప్పటి గొంతే వచ్చింది.

బుజ్జిది కాసేపు ఆమె మొహంలోకి చూసింది. పుస్తకం మూసి, లేచి వెళ్లి టీచరు చేతికే ఇచ్చింది.