గోరి మంచం

పొద్దున్నే పశువుల కింద పెండ తీసి, పాలు పితికాక చందూలాల్ తన భార్య గోరి మంచం పట్టెను అరచేత్తో ముట్టి చూసేవాడు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. నొప్పి లేచినప్పుడల్లా ఆమె పడుకున్న ఇనుప మంచం వేడెక్కేది. ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న ఆ తండాలో చలికాలం వణికిస్తుంది. అందుకని తెల్లారగానే ఇరుగుపొరుగు వచ్చి మంచం చుట్టూ కూర్చునేవారు. చేతులు కాచుకుంటూ, పందులు తొక్కిన మక్కచేల గురించి, రాని బస్సు గురించి మాట్లాడుకునేవారు. గోరి పళ్లు బిగబట్టి వినేది.

దవాఖానా నర్సు కళావతి నెల కింద మార్ఫిన్ గోలీలు ఇచ్చి, నాలుగు గంటలకొకటి తప్పకుండా వేయమని చెప్పి వెళ్లింది. చందూలాల్ మాత్రం ఆమె బొత్తిగా ఓర్చుకోలేనప్పుడే వేసేవాడు. తాగుడులా అలవాటవుతుందని ఒక భయం. ఇప్పుడే వాడేస్తే ఆఖరున పనిచేయవని ఇంకో భయం. ప్రేమతోనే దాచాడు.

కళావతి మళ్లీ వచ్చేసరికి డబ్బా దాదాపు నిండుగానే ఉంది. ఆమె కోప్పడలేదు.

"ఇది సచ్చేటప్పటి మందు కాదన్నా, బతికున్న దినాలకు మందు. నొప్పికి వేసుకుంటే తాగుడు లెక్క కాదు. నొప్పి పెరిగితే డాక్టర్ డోసు పెంచుతడు. నొప్పి లేవకముందే వెయ్యాలె," అంది.

చందూలాల్ తలెత్తలేకపోయాడు. ఆ రోజు నుంచి గడియారం చూసి వేశాడు. మూడో రోజుకు మంచం చల్లబడింది. గోరి కంటినిండా నిద్రపోయింది. లేచి జొన్నరొట్టె అడిగింది, తల దువ్వించుకుంది.

మర్నాడు ఇరుగుపొరుగు వచ్చి మంచం పట్టె ముట్టి చూశారు. కాసేపు నిలబడి, రామ్‌సింగ్ ఇంటి ముందు వేసిన మంట దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తరువాత ఎవరూ రాలేదు. వారం రోజులు గోరి వాకిలి వైపే చూసింది.

ఎనిమిదో రోజు పొద్దున గోలీ ఇవ్వబోతే ఆమె తల పక్కకు తిప్పుకుంది.

"ఇయ్యాల వద్దు. వాళ్లను రానియ్యి."

చందూలాల్ నర్సు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. తానే పొద్దంతా పక్కన కూర్చుంటానని బతిమాలాడు.

"నువ్వు నెల దినాలు ఇయ్యలే," అంది గోరి. "నేను ఒక్క పూట అడుగుతున్న."

అతను గోలీ ఇవ్వకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎండ వాకిట్లోకి రాకముందే మంచం మళ్లీ వేడెక్కింది. కబురు తెలిసి ఒక్కొక్కరే వచ్చారు. గోరి చెమటలు కక్కుతూ అందర్నీ పేరుపేరునా పలకరించింది. పక్కింటి సోని మనవరాలికి నడక వచ్చిందా అని అడిగింది. చందూలాల్ బయట గోడకానుకొని, గోలీ గుప్పిట్లో పెట్టుకొని, ఆమె మాటలు వింటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి వేడి ఇంకా పెరిగింది. ఎవరూ లేవలేదు.