ఎడమచేతి కొక్కెం

తొమ్మిదో మెట్టు మీద ఎవరిస్తు ఆగాడు.

పద్నాలుగు మెట్ల నిచ్చెన అది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎక్కి దిగుతున్నదే. ఈ చలికాలం నుంచే ఆ తొమ్మిదో మెట్టుకి పొగరెక్కింది, అతన్ని ఊరికే పైకి పోనివ్వడం లేదు. భుజాన రేకుపలకల సంచీ, మెడలో తోలుపట్టీకి వేలాడే చిన్న రేడియో, చంకలో తిండి మూట. ఊపిరి అందేదాకా మైదానాన్ని పరిశీలిస్తున్నవాడిలా నిలబడ్డాడు. పొద్దున పదకొండు గంటలకి అక్కడ అతన్ని చూసేవాళ్ళెవరూ లేరు. అయినా నటించాడు. అరవై మూడేళ్ళ మనిషికి తన ముందు తనకే పరువు ఉంటుంది మరి.

పైన చెక్కల అరుగు, అరుగు మీద బోర్లించిన చేపల పెట్టె, ఎదురుగా స్కోరు బోర్డు వీపు. సల్గేరా ఊరందరికీ ఆ బోర్డు ముఖం తెలుసు. దాని వీపు తెలిసినవాడు ఎవరిస్తు ఒక్కడే. కోటు విప్పి మేకుకి తగిలించాడు. రేడియో తీగను ఇనప స్తంభానికి చుట్టాడు. మైదానం కొండ కింద గుంటలో ఉంది. కింద కూర్చున్నవాళ్ళ రేడియోలు గుర్రుమనడం తప్ప మాట పలకవు. ఈ ఎత్తున, ఈ స్తంభం సాయంతో మాత్రమే లిస్బన్ వార్తలు వినిపిస్తాయి.

వారం పొడుగునా అతను చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించే యంత్రం దగ్గర ఉంటాడు. కుడి చూపుడువేలి కొస ఆ యంత్రానికే సమర్పించుకున్నాడు. ఆదివారం మాత్రం ఇక్కడ. గోలు పడగానే సంచీలోంచి పలక తీసి, బోర్డు కంతలోంచి అంకె ముందుకి కనిపించేలా వెనక కొక్కేనికి తగిలించాలి, అంతే పని. ఏ ఊళ్ళో ఆట జరిగితే ఆ ఊరి జట్టు పేరు బోర్డు మీద ఎడమవైపు ఉంటుంది, వచ్చినవాళ్ళది కుడివైపు. వెనక నిలబడ్డవాడికి అది తిరగబడుతుంది. మనవాళ్ళ గోలు కుడిచేతి కొక్కేనికి, ఎదుటివాళ్ళ గోలు ఎడమచేతి కొక్కేనికి. ఇన్నేళ్ళలో ఆ సంగతి అతని బుర్రలోంచి దిగి చేతుల్లోకి వెళ్ళిపోయింది. మనవాళ్ళు కొడితే కుడిచెయ్యి దానంతటదే లేస్తుంది. శత్రువు కొడితే ఎడమచెయ్యి, కాస్త బద్ధకంగా.

బోర్డు చెక్కల మధ్య రెండు వేళ్ళ సందు ఉంది. చూసిన ఆటలన్నీ ఆ సందులోంచే చూశాడు.

ఈ ఏడాదంత గొప్ప ఏడాది మాత్రం ఆ సందుకి ఎప్పుడూ రాలేదు. సల్గేరా జట్టు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొదటి డివిజన్‌లో ఆడింది. సెప్టెంబరులో లిస్బన్ పెద్ద జట్టు బస్సు దిగినప్పుడు ఫ్యాక్టరీ కూత కూడా వాయిదా వేశారు. ఆ రోజు వాళ్ళు ఏడు గోల్స్ కొట్టారు. ఎవరిస్తు సంచీలో ఆరుకి మించి పలక లేదు. ఏ దరిద్రుడు కొడతాడులే అని ఏడు ఎప్పుడూ చేయించలేదు. ఆరు పక్కనే ఒకటి తగిలించాడు. అరవై ఒకటి అని చదువుకుని ఊరు ఊరంతా ఏడుస్తూనే నవ్వింది. నవంబరు వానలో ఇదే మన జట్టు పోర్టో నుంచి వచ్చినవాళ్ళని ఒక్క గోలుతో ఓడించింది. ఆ సాయంత్రం ఎవరిస్తు పలక దించకుండానే ఇంటికి వెళ్ళాడు. సోమవారం పనికి వెళ్ళే ఆడవాళ్ళు అటుగా చుట్టు తిరిగి వెళ్ళి మరీ చూసుకున్నారు.

ఇవాళ ఆఖరి ఆట. దేశమంతటా ఆటలన్నీ ఒకే వేళకి మొదలవుతాయి. కింది డివిజన్‌కి దిగిపోవలసిన రెండు జట్లలో ఒకదాని పేరు ఖాయమైంది. రెండో పేరు సల్గేరానో వల్సేకునో తేలాలి. వల్సేకు తన సొంత ఊళ్ళో మొయిన్యూ జట్టుతో ఆడుతోంది. వల్సేకు గెలవకపోతే మనకి డ్రా చాలు. వల్సేకు గెలిచిందా, మనమూ గెలిచి తీరాలి.

అందుకే బుధవారం కెప్టెన్ బెల్మీరు ఫ్యాక్టరీ గేటు దగ్గర అతన్ని పట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, మోకాళ్ళు రెండూ అరిగిపోయినవాడు.

"ఎవరిస్తు మామా, ఈ ఆదివారం వల్సేకు స్కోరు కూడా పెట్టవా? ఎగబడి ఆడాలో, కాచుకుని కూర్చోవాలో నీ బోర్డు చూసే మావాళ్ళకి చెప్తాను."

ఎవరిస్తుకి ఛాతీ వెడల్పయింది. శనివారమంతా కూర్చుని ఒక చెక్కకి తెల్లరంగు వేసి, ఎడమవైపు వల్సేకు, కుడివైపు మొయిన్యూ అని రాశాడు. ముందువైపు నిచ్చెన వేసుకుని దాన్ని పాత వరస కింద మేకులతో కొట్టాడు, రెండు కంతలు కోసి వెనక రెండు కొత్త కొక్కేలు బిగించాడు.

ఈ ఉదయం వంటింట్లో దియోలిందా రొట్టెలో కాల్చిన సాసేజి పెట్టి మూట కడుతూ అడిగింది.

"కొత్త వరసకి వెనకాల కూడా పేర్లు రాసుకున్నావా?"

"వెనకాల ఎవరు చూస్తారే, పావురాలా?"

"నువ్వు చూస్తావు కదయ్యా."

"ముప్పై ఒక్క ఏళ్ళే దియోలిందా! నిద్రలో లేపి అడిగినా తప్పు పెట్టను."

"పొయ్యి ఆర్పానో లేదో నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. అయినా వెనక్కొచ్చి చూసుకుంటానా లేదా?" అంటూ ఆవిడ కుట్టుపెట్టె తెరిచింది. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క, కొత్తది, ఒకటి తీసి అతని కోటు జేబులో పడేసింది. "ఒక్క నిమిషం పని. రాసుకో."

"సరే తల్లీ, సరే," అన్నాడు. సరే అంటే ఆ ఇంట్లో మాట అయిపోయిందని అర్థం.

మూడున్నరకల్లా మైదానం చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. బోర్డు కింద ఎప్పటిలాగే చేపలమ్మే గ్రసియెత్, ఆవిడ మొగుడు అదేరితు. ఆవిడ గొంతు ఒడ్డున అరిస్తే పడవల్లో వినిపిస్తుంది.

"ఎవరిస్తన్నా! బతికే ఉన్నావా పైన?"

"నీ అరుపు విన్నాక చచ్చినవాడు కూడా లేస్తాడమ్మా!"

"ఇవాళ మనది ఒక్కటైనా తగిలించకపోయావో, రేపట్నుంచి నీ ఇంటికి తోకలే అమ్ముతాను!"

ఎవరిస్తు నవ్వాడు. నవ్వితే ఎడం భుజం కింద ఏదో పట్టుకున్నట్టయింది. పెట్టె మీద కూర్చుని రొట్టె తిన్నాడు. ఆట మొదలైంది.

మొదటి సగంలో ఇక్కడా ఏమీ లేదు, అక్కడా ఏమీ లేదు. నాలుగు కొక్కేలకీ నాలుగు సున్నాలు. బెల్మీరు బంతి బయటికి పోయినప్పుడల్లా తలెత్తి బోర్డు చూస్తున్నాడు. అలా చూసిన ప్రతిసారీ వాడు తననే చూసినట్టు ఎవరిస్తు నిటారుగా కూర్చున్నాడు.

అరవై రెండో నిమిషంలో రేడియో గొంతు ఎగిరిపడింది. వల్సేకులో గోలు. కొట్టింది వల్సేకు.

ఎవరిస్తు స్పష్టంగానే విన్నాడు. "దొంగవెధవలు," అనుకుంటూ సంచీలోంచి ఒకటి పలక తీశాడు. మనసంతా వల్సేకు మీద మంట. ఎడమచెయ్యి లేచింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా శత్రువు కొట్టిన ప్రతి గోలూ ఆ చేత్తోనే తగిలించాడు. ఇదీ తగిలించాడు.

అదే క్షణాన కింద మన గోల్‌కీపర్ గాల్లోకి ఎగిరి గట్టిగా దూసుకొచ్చిన బంతిని రెండు చేతులా పట్టుకున్నాడు. మైదానం దద్దరిల్లింది. టోపీలు ఎగిరాయి. కీపర్ కోసమే అనుకున్నాడు ఎవరిస్తు. తర్వాత జనం పాట అందుకున్నారు, ఊరి పాట, పడవలు తోసేటప్పుడు పాడేది. వల్సేకు ముందుందని తెలిసి కూడా పాడుతున్నారే, ఏం గుండెలురా మీవి అని అతనికి కళ్ళు చెమర్చాయి. మన ఊరంటే మన ఊరే అనుకున్నాడు.

కానీ ఆట తీరు బోధపడలేదు. గెలిచి తీరవలసినవాళ్ళు ముందుకే పోవడం లేదు. బెల్మీరు బంతిని వెనక్కి ఇస్తున్నాడు. వెనకవాడు ఇంకా వెనక్కి. కీపర్ బంతిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని పడుకుంటున్నాడు. డెబ్బై, డెబ్బై ఐదు, ఎనభై నిమిషాలు. ఎవరిస్తు సందుకి నోరు ఆనించి అరిచాడు: "పొండ్రా! ముందుకి పొండ్రా! కాళ్ళు పడిపోయాయా?" పాటలో అతని అరుపు ఎవరికీ వినిపించలేదు. అరిచిన కొద్దీ భుజం కింది పట్టు మోచేతిదాకా దిగింది.

ఎనభై ఐదో నిమిషంలో గ్రసియెత్ మెడ పైకెత్తింది. మొహం సంబరంతో ఎర్రబడి ఉంది.

"ఎవరిస్తన్నా! నీ నోట్లో పంచదార పొయ్యా!"

"మనవాళ్ళకేం పోయేకాలమే? గోలు కొట్టరేం?"

"గోలెందుకన్నా, డ్రా చాలుగా! వల్సేకు ఓడిపోతోందని నువ్వే పెట్టావుగా!"

ఎవరిస్తుకి ఆ మాట అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మలేదు. తన ఎడమచేతిని చూసుకున్నాడు. కింది వరసలో ఆ చేతి వైపు వేలాడుతున్న ఒకటిని చూశాడు. శనివారం తనే కొట్టిన చెక్కని కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు: ఎడమవైపు వల్సేకు. ముందు నుంచి చూస్తే ఎడమ. వెనక నుంచి కుడి. ఆ ఊళ్ళో వల్సేకే సొంత జట్టు.

ఒళ్ళంతా చల్లబడింది. "అయ్యో," అన్నాడు, ఎవరితోనో కాదు. "అయ్యో, అయ్యో."

పలక కొక్కెంలోంచి రాలేదు. రెండు చేతులూ వేసి లాగాడు. ఎడమచేతిలో పట్టు లేదు. కుడిచేత్తో, కొస లేని వేలితో ఊడబీకి, సున్నా అటూ ఒకటి ఇటూ మార్చాడు.

పాట మధ్యలో తెగిపోయింది. ఆరువేల మంది ఒకేసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో సల్గేరాలో అంతకుముందు ఎవరూ వినలేదు. దూరంగా సముద్రం వినిపించింది. బంతిని పాదం కింద తొక్కిపట్టి నిలబడ్డ బెల్మీరు తలెత్తి బోర్డు చూశాడు. మళ్ళీ చూశాడు. వాడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఎవరిస్తు సందులోంచి ఆ మొహాన్ని చూశాడు. చూపు తిప్పుకోలేదు.

మూడు నిమిషాలున్నాయి. తర్వాత జరిగింది ఆట కాదు, కొట్లాట. కీపర్‌తో సహా అందరూ ఎదుటి గోలు మీద పడ్డారు. ఆఖరి బంతిని బెల్మీరు అందరికంటే పైకి ఎగిరి తలతో కొట్టాడు. అది పై కర్రకి తగిలింది. ఆ చప్పుడు బోర్డు దాకా వచ్చింది. రిఫరీ ఈల ఊదాడు.

ఎవరూ కదల్లేదు. ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. వాళ్ళ మధ్య ఎదుటి జట్టువాళ్ళు కూడా ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. చాలాసేపటికి ఎవరో అన్నారు: "బోర్డు." ఆ ఒక్క మాట జనంలో పాకింది. తాగి ఉంటాడన్నారు. వల్సేకువాళ్ళకి అమ్ముడుపోయాడన్నారు. అదేరితు అందరికంటే ముందు నిచ్చెన పట్టుకున్నాడు.

"దిగరా ముసలోడా! దిగు కిందికి! ఇరవై ఐదు నిమిషాలు జోకొట్టి పడుకోబెట్టావు కదరా మమ్మల్ని! ఏం పాపం చేశాంరా నీకు?"

తొమ్మిదో మెట్టు దగ్గర కూడా తిడుతూనే ఉన్నాడు. పద్నాలుగో మెట్టు మీద మాట ఆగిపోయింది. కింద ఉన్నవాళ్ళు ఎదురుచూశారు. అదేరితు చాలాసేపు అలాగే వీపు చూపిస్తూ నిలబడి, టోపీ తీసేశాడు.

ఎవరిస్తు పెట్టె మీదే కూర్చుని ఉన్నాడు. నుదురు బోర్డుకి ఆనించి, కన్ను సందుకి దగ్గరగా. మెడలో రేడియో ఆటల ఫలితాలు వరసగా చదువుతోంది. కిందికి దిగిపోతున్న రెండో జట్టు పేరు చెప్పి, వెంటనే రేపటి వాతావరణంలోకి వెళ్ళిపోయింది.

ఆటగాళ్ళ గదిలో, మాలిష్ చేసే బల్ల మీద పడుకోబెట్టారు. బురద బట్టలు మార్చుకోకుండా పదకొండుమందీ గోడల వెంట నిలబడ్డారు. దియోలిందా ఏప్రన్‌తోనే వచ్చింది. దారిలో ఎవరేం చెప్పారో, ఎంత చెప్పారో తెలియదు. అతని మొహం మీద అంటిన చెక్కరంగు తడిచేత్తో తుడిచింది.

"అమ్మా, ఎందుకలా పెట్టాడు?" బెల్మీరు అడిగాడు. అడగకూడదని వాడికీ తెలుసు. "మమ్మల్ని మోసం చేశాడా?"

"మిమ్మల్నా? ఈయనా?" అంది దియోలిందా.

అదేరితు పైనుంచి కోటు తెచ్చాడు. దుమ్ము దులిపి ఆవిడ చేతికి ఇచ్చాడు. పొద్దున తిట్టుకుంటూ బొత్తాం కుట్టిన కోటు అది. మొగుడికి కప్పబోతూ, అలవాటు కొద్దీ జేబులు తడిమింది. ఒక జేబులో రొట్టె కట్టిన గుడ్డ ఖాళీగా, మడతపెట్టి ఉంది. రెండో జేబులోంచి తీసినదాన్ని అరచేతిలో తిప్పి చూసింది.

బల్ల అంచున, అతని కొస లేని వేలి పక్కన దియోలిందా పెట్టింది సుద్దముక్క. తెల్లగా, కొత్తగా, నాలుగు మూలలూ ఒక్కటీ అరగకుండా.