ఒక రెక్క మూసిన తలుపు

మూల కొట్టును కూల్చడానికి గడ్డపారలు పట్టుకుని వెళ్లిన ఐదుగురిలో నేనొకణ్ణి. ఈ మాట ముందే చెప్పాలి.

ఆ కొట్టును పగిలిన ఓడల చెక్కలతో మా తాతలు కట్టారు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది రేవువాడంతా అందులోనే తలదాచుకుని బతికింది. చక్కెర బస్తాలు మోసేవాళ్ల మొదటి సంఘం దాని వెనక గదిలో, ఎండుచేపల వాసన మధ్య పుట్టింది. చక్కెర కంపెనీ కడుపుమంట అదే. నేల తనదని కాగితం తెచ్చి, గోదాము కడతానంది. కాంట్రాక్టరు బెర్నాల్ ఆ కాగితాన్ని తలుపుకు మేకుతో బిగిస్తుంటే, కొట్టు నడిపే డెబ్బై ఏళ్ల ఉబాల్దినా అవ్వ పక్కనే నిలబడి చూసింది. మేమూ చూశాం. ఆ సాయంత్రమే బెర్నాల్ కూలికి మనుషులు కావాలన్నాడు. మూడు వారాలుగా రేవులో పని లేదు. నా చెయ్యి లేచింది. అది నా చెయ్యేనని ఒప్పుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మా వాడలో ఎవరైనా పోతే కొట్టు తలుపు ఒక రెక్క మూస్తారు. పూడ్చి వచ్చేదాకా ఎవరూ బరువెత్తరు.

పొద్దున మేం వెళ్లేసరికి కుడి రెక్క మూసి ఉంది.

"ఎవరు పోయారవ్వా?" అన్నాడు ఎలుతేరియో, టోపీ తీసి.

అవ్వ కాఫీ వడపోస్తూ తలెత్తలేదు. "మీ ఐదుగురూ."

నవ్వబోయాం. అంతలో జనం రాసాగారు, చావింటికి వచ్చినట్టే, నల్లగుడ్డలు కట్టుకుని, కుర్చీలు మోసుకుని. ఎలుతేరియో పెళ్లాం మెట్టు మీద కూర్చుని, "మంచోడేలే, తాగనప్పుడు" అంది పక్కావిడతో. "చచ్చినోడికి అంత చెమటేంటే?" అంది ఆవిడ. మా అమ్మ నావైపు చూడలేదు. నా చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు.

గడ్డపారలు ఒక్కొక్కటే కిందపడ్డాయి. నాదే మొదటిదని చెప్పుకోవాలని ఉంది. కానీ నాది నాలుగోది.

కూలి తీసుకుని ఈ నాటకాలేంటని బెర్నాల్ అరిచాడు.

"శవాలతో పని చేయించుకుంటావా దొరా?" అన్నాడు ఎలుతేరియో.

మధ్యాహ్నం పోలీసులు వచ్చి అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. పైఊరి కూలీలు పొద్దుగూకేలోగా కొట్టును నేలమట్టం చేశారు. మూడోనాడు ఠాణా నుంచి అవ్వ శవం వచ్చింది. గుండె ఆగిందన్నారు. మణికట్టుల మీది కమిలిన గుర్తుల గురించి ఏమీ అనలేదు.

రెక్క మూద్దామంటే కొట్టు లేదు. జనం వీధిలో నిలబడిపోయారు. నేను శిథిలాల్లో వెతికాను. కుడి రెక్క దొరికింది, మేకుతో, చిరిగిన కాగితం ముక్కతో. మేం ఐదుగురం దాన్ని మోసుకెళ్లి రేవు గేటుకు సగం అడ్డంగా నిలబెట్టాం. లోపల, ఇన్నాళ్లకు వచ్చిన ఓడ చక్కెర కోసం ఎదురుచూస్తోంది. పనికి వచ్చినవాళ్లు వచ్చినట్టే రెక్క ముందు ఆగిపోయారు.

ఎప్పుడు పూడుస్తారని కంపెనీ మేనేజరు అడిగాడు.

"చంపినోళ్ల పేర్లు చెప్పు," అంది అమ్మ. "ఆ రోజే పూడుస్తాం. అప్పటిదాకా అవ్వ మంచుగడ్డల మీదే ఉంటుంది."

కుర్చీ వేసుకుని కూర్చుంది. నావైపు చూడకుండానే పక్కన ఇంకొకటి వేసింది. మా వెనక కుర్చీలు దించుతున్న చప్పుడు చాలాసేపు ఆగలేదు.