చెప్పులతో వేసిన భిక్ష

రాత్రి నానబెట్టిన బంకబియ్యం వడకట్టాలి. బొగ్గులు రాజేసి, వెదురు బుట్టలో బియ్యం ఆవిరికి పెట్టాలి. రోజూ భిక్షకి వచ్చే బౌద్ధ భిక్షువులు వీధి మలుపు తిరిగేలోగా వేడి అన్నంతో గుమ్మం ముందుండాలి. అత్తకి జావ. భర్త ఖాంపన్ కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, నొప్పికని ఆస్పత్రిలో రాసిచ్చిన గంజాయి నూనె చుక్కలు అతని నాలుక కింద వేయాలి. ఇవన్నీ అయ్యాక చన్‌పెంగ్ తన షుగరు మాత్ర వేసుకోవాలి. ఆఖరి పని కాబట్టి ఎక్కువగా మరిచిపోయేది అదే.

ఖాంపన్ కాళ్ల మంటలు ఊరందరికీ తెలుసు. "మిరపకాయలు నూరి అరికాళ్లకి పట్టించినట్టుందే!" అని అతను కేకలు పెడితే ఇరుగుపొరుగు పరామర్శకి వచ్చేవారు. నూనె మొదలుపెట్టాకే అతనికి కాస్త కన్ను మూతపడుతోంది. చన్‌పెంగ్ కాళ్లూ అలాగే మండేవి. ఒకసారి ఆ మాట అంది కూడా. "నీదీ ఒక మంటేనా? ఇదిగో, నాది చూడు" అని అతను కాళ్లు చాపాడు. ఆమె పిసికింది. "మా కోడలు గట్టి మనిషి, మూలగడం ఎరగదు" అని అత్త నలుగురిలో పొగిడింది. ఆ పొగడ్త తర్వాత మూలగడానికి వీల్లేకపోయింది. సీసా చేతిలో ఉన్నప్పుడు, ఒక్క చుక్క తన నాలుక మీద వేసుకుంటే ఏం పోతుందని మనసు లాగేది. అతని పేరున ఇచ్చిన మందు. మూత బిగించేసేది.

ఈ ఎండాకాలం ఎడమకాలి మంట దానంతటదే పోయింది. భిక్ష వేసేవాళ్లు చెప్పులు విడిచి నిలబడాలి కదా, ఇన్నేళ్లు కంకరరోడ్డు మీద వట్టికాళ్లతో నిలబడ్డ పుణ్యమే అనుకుంది. "చూశావా, పుణ్యం ఊరికే పోదు" అంది అత్త.

ఒకరోజు పొద్దున్నే మాడువాసన వచ్చింది.

"ఏమేవ్, చేపలు మాడుతున్నాయి!" మంచం మీంచి ఖాంపన్ అరిచాడు.

చేపలింకా పొయ్యెక్కలేదు. అన్నం బుట్ట ఎత్తి చూసింది, బాగానే ఉంది. అప్పుడు కిందికి చూసింది. పొయ్యిలోంచి జారిన నిప్పు ఆమె ఎడమకాలి కింద ఉంది.

"అరవలేదేంటే?" అన్నాడతను, కాలు చూశాక.

అరవడానికి ఏమీ తెలిస్తేగా.

మర్నాడు అతన్ని ఆస్పత్రిలో చూపించే రోజు. ఎప్పటిలా ఆమె తోడొచ్చినవాళ్ల కుర్చీలో కూర్చుంది. నర్సు అమ్మాయి ఆమె కాలికున్న కట్టు చూసి, కాలు ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకోమంది.

"సన్నటి నైలాన్ దారం కొన అరికాలికి ఆనిస్తాను. తగిలినప్పుడు చెప్పండి పెద్దమ్మా."

చన్‌పెంగ్ చాలాసేపు ఎదురుచూసింది. "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మాయ్?"

"అయిపోయింది పెద్దమ్మా."

కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి తల వంచుకుని ఉంది. "మంట పోవడం అంటే నయమవడం కాదు. షుగరుకి నరం చచ్చిపోయింది. ఇక ఏ నూనె పోసినా దానికి స్పర్శ రాదు. మరి కుడికాలు? మండుతోందా?"

"దానికేం నొప్పి లేదమ్మా, ఎప్పుడూ అనలేదు" అన్నాడు ఖాంపన్.

ఆమెకి జవాబు కోసం అతని ముఖం చూడటం అలవాటు. చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగింది. "మండుతోంది. ఏళ్లుగా. నా పేరు కూడా రాయమ్మా."

"రాస్తాను. నూనె సంగతి డాక్టరు చూసి చెప్తారు. ఈలోగా వట్టికాళ్లతో ఎక్కడా నిలబడొద్దు."

"గుడిలో కూడానా?"

"ఎక్కడా."

మర్నాడు చన్‌పెంగ్ ముందు తన మాత్ర వేసుకుంది. తర్వాతే బియ్యం వడకట్టింది. వీధిలో చెప్పులు విడవకుండా నిలబడింది. "చెప్పులతో భిక్ష వేస్తావా? నలుగురూ చూస్తున్నారే!" అత్త పళ్లు బిగించి అంది. చూడనీ అనుకుంది చన్‌పెంగ్. ముసలి భిక్షువు కట్టు వైపు ఒకసారి చూసి, పాత్ర మూత తీసి పట్టుకున్నాడు.

మీ వీధిలోనూ మూలగని గట్టి మనిషి అని పేరుపడ్డ ఆడది ఒకతె ఉంటుంది. ఆమెను పొగిడే ముందు, చన్‌పెంగ్ ఎడమకాలిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.