తలుపు మీది ఫోటో

"కత్తి మొనతో గీకితే ఊడొచ్చేస్తుంది. నలుగురూ లేచేలోపు కానియ్యి," అంది అత్తగారు స్తోయ్‌నా, వేడినీళ్ల బకెట్ చేతికిస్తూ. ఇంట్లో అంట్లూ మసీ మరకలూ నెవెన వాటా. బతికుండగానే అపార్ట్‌మెంటు కింది గుమ్మానికి ఎవరో అంటించిన తన చావు కాగితం కూడా ఆమె వాటాకే వచ్చింది.

ఆ ఊళ్లో మనిషి పోతే ఫోటోతో కాగితం అచ్చువేయించి తలుపులకీ స్తంభాలకీ అతికిస్తారు. వాన కరిగించాల్సిందే గానీ ఎవరూ చెయ్యిపెట్టరు. నల్లంచు మధ్యలోంచి ఇప్పుడు తన ముఖమే తనని చూస్తోంది. కింద, "నోటి దురుసుతో పోయిన వంటమనిషి" అని ఉంది.

చేసిన నేరమల్లా ఒక్కటే. తను పనిచేసే బడి వంటశాల ఆడవాళ్లచేత హెడ్మాస్టరు ఆదివారాలు తన ఇంటి కిటికీలు ఊరికే కడిగిస్తున్నాడని ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో రాసింది. ఆ రోజునుంచి ముఖాల్లేని పేర్లు ఆమెని కుళ్లబొడుస్తున్నాయి. పందట, తిండిదొంగట. కిటికీలు కడిగిన తోటివాళ్లే పలకరించడం మానేశారు. నిజంగానే పోతే వీళ్ల నోళ్లు మూతపడతాయేమో అని ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్న ప్రతిసారీ వంటింటి గోడ పట్టుకుని ఏడ్చింది.

"ఊరందరికీ నీతోనే పనా? నీలో ఏముందో చూసుకో," అనేది అత్తగారు. భర్త ప్లామెన్‌ది ఒకటే మాట: "హెడ్మాస్టర్ని క్షమాపణ అడిగి, రాసింది తీసెయ్. పీడా పోతుంది."

మెట్లు దిగుతున్న రాద్కా బామ్మ ఆగింది. "ఎవరు పోయారే తల్లీ?"

"నేనే, బామ్మా."

ముసలావిడ శిలువ గుర్తు వేసుకుని, కాగితం దగ్గరికి వంగింది. "ఏం పాడుమాటలే! అవునూ, ఫోటోలో ఆ చేతిలోవి మిరపకాయలేనా?"

అప్పుడు చూసింది నెవెన. కిందటి శరత్కాలంలో బాల్కనీలో మిరపకాయలు కాలుస్తుంటే, చెమటతో, తలకి తువ్వాలుతో ఉండగా ప్లామెన్ తీసిన ఫోటో అది. దెయ్యంలా ఉన్నాను, తీసెయ్యమని బతిమాలింది. తీసేశాలే అన్నాడు.

కత్తి బకెట్లో పడేసి పైకెళ్లింది. "ఎవరికిచ్చావు ఆ ఫోటో?"

ప్లామెన్ కాఫీలోంచి తలెత్తలేదు. "హెడ్మాస్టరు తమ్ముడు అడిగాడు. ఇంతకి తెస్తారని నాకేం తెలుసు? కాస్త భయపడి ఊరుకుంటావని... నీ మంచికేగా!"

మళ్లీ మెట్లు దిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. ముఖాల్లేవనుకున్నవాళ్లకి తోడైనవాడు ఇన్నాళ్లూ తన పక్కనే పడుకున్నాడు. ఫోన్ తీసి, తలుపు మీది కాగితాన్ని ఫోటో తీసి, అదే గ్రూపులో రాసింది:

"ఈ ఫోటో ఇచ్చింది నా మొగుడు. నేను పోలీస్‌స్టేషన్‌కి వెళ్తున్నాను. కిటికీలు కడిగినవాళ్లు ఒక్కరైనా నాతో వస్తారా?"