కదిలేది బూజు కాదు

"కాస్త శుభ్రంగా ఉండడం నేర్చుకో," అన్నాడు మా ఆయన, స్నానాల గదిలోంచి నా టవల్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి వెనక వరండాలో తీగ మీద పడేస్తూ.

నేనప్పుడు ఆయన బనీన్లకి సబ్బు పెడుతున్నాను. ఆ టవల్ నిన్న ఉతికిందే. ఉతికిందీ నేనే. ఈ ఇంట్లో శుభ్రంగా ఉన్నదేదైనా ఉందంటే అది నా చేతుల్లో నలిగొచ్చిందే, ఆయన చొక్కా కాలరుతో సహా. ఆ మాట అందామని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. కొన్ని నెలలుగా నా నోరు అలా మూతబడి ఉంది. చెప్పుకోలేని చోట దురద, మంట, ఎంత కడిగినా పోని వాసన. క్లాసులో నిలబడి పాఠం చెబుతుంటే ముందు బెంచీ పిల్లలకి తెలిసిపోతుందేమోనని రెండడుగులు వెనక్కి జరిగేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అత్తయ్యకి చెప్పక తప్పలేదు. లోపల అంతసేపు ఏం చేస్తున్నావని ఆవిడ బాత్రూమ్ తలుపు కొట్టి మరీ అడిగితే ఏం చెప్పను? అప్పట్నుంచీ నా సబ్బు వేరు, నా బకెట్ వేరు. నా బట్టలు అందరివీ అయ్యాక ఆఖర్న. వంట మాత్రం వేరు కాలేదు. అంట్లూ వేరు కాలేదు. జబ్బుమనిషి చేతి వంట అందరికీ గొంతు దిగుతూనే ఉండేది. "ఎప్పుడు చూసినా నీళ్ళలో నానుతుంటావు, తడి ఆరనిస్తేగా," అనేది ఆవిడ. నీళ్ళలో నానకుండా గిన్నెలు ఎలా తోమాలో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఇక ఆయనైతే దిండు చంకన పెట్టుకుని ముందు గదిలోకి మారిపోయాడు. "నీది తగ్గాక చూద్దాంలే," అన్నాడు. ఆ మాటకి నేనే ఆయన్ని క్షమాపణ అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా చేతులకి అప్పటికే బూజు పట్టిన మాట నిజం. తడిలో ఉండి ఉండి గోరుచుట్లు వాచాయి, వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. వీధి చివర డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. ఎక్కడ కూర్చోవాలో నాకు చూపించి, నా జబ్బు సంగతి ఆయనే చెప్పాడు. "ఈవిడ వేళ్ళు చూడండి డాక్టరుగారూ, అదే కిందకీ పాకినట్టుంది." డాక్టరు నా వేళ్ళు చూశాడు. అంతే చూశాడు. "ఫంగస్," అని ఒక ఆయింట్‌మెంటు రాసి, "మీరు బయాలజీ చెప్తారట కదమ్మా, మీకు తెలీనిదేముంది," అని నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను. ఆ ఆయింట్‌మెంటుకి గోళ్ళు బాగుపడ్డాయి. మిగతాది వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మళ్ళీ అదే రాశాడు, మళ్ళీ అదే పూసుకున్నాను.

కాలేజీలో నన్ను పిల్లలు బూజు మేడం అంటారు. కోపం లేదు నాకు. బ్రెడ్డు ముక్కలు తడిపి డబ్బాలో దాచి, దాని మీద నల్లటి నూగు లేస్తే లేగదూడ పుట్టినంత సంబరపడే మనిషిని ఇంకేమంటారు? ఆ రోజు ప్రాక్టికల్ ప్రొటిస్టులు, శిలీంధ్రాలు. ఒక బల్ల మీద రొట్టె బూజు, ఈస్టు. ఇంకో బల్ల మీద ప్రొటిస్టులు ఈదే చెరువు నీళ్ళు. నా ల్యాబ్‌లో ఒకటే చట్టం, చూడకుండా పేరు రాయొద్దు.

కళ్ళజోడు పిల్ల ఒకతి మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "మేడమ్, అదీ ఒకటే కణం, ఇదీ ఒకటే కణం. ఈస్టేదో ప్రొటిస్టేదో ఎలా తెలుస్తుంది?" అంది.

"కదులుతోందేమో చూడు," అన్నాను. "నీళ్ళలో ఉండే ఒకటి రెండు రకాల్ని వదిలేస్తే, బూజు నడవదు. పడ్డచోటే ఉండి దారాలు సాగదీస్తుంది, ఈస్టయితే మొగ్గలు తొడుగుతుంది. చుట్టూ గట్టి గోడ కట్టుకుని కూర్చుంటుంది. దాని బీజాలు గాల్లో, మన ఒంటి మీద, అంతటా ఉంటాయి. తడి దొరికితే చాలు, ఎవరూ పనిగట్టుకు తేనక్కర్లేదు. ఇటు చూడు, ఇవి ఈదుతాయి. కొరడాల్లాంటి తోకలుంటాయి, కశాభాలని రాసుకున్నారే, అవి. వీటికి నీళ్ళుండాలి, లేదా ఇంకో ప్రాణి ఒళ్ళుండాలి. ఆరిపోతే చాలామటుకు చచ్చిపోతాయి."

"అయితే పైపైన చూసి చెప్పలేమా మేడమ్?"

"చెప్పకూడదు," అన్నాను గట్టిగా. అన్న మరుక్షణం ఆ మాట నాకే తగిలింది. మరి నాది ఎవరు చూశారు?

మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్ళగానే ల్యాబ్ తలుపు గడియ పెట్టాను. సిగ్గేమిటి, నా ఒళ్ళే కదా, నా మైక్రోస్కోపే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. దూది పుల్లతో స్రావం కాస్త తీసుకుని, గ్లాసు పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన పల్చటి బిళ్ళ మూసి పెట్టాను. ఏం కనబడుతుందో ముందే తెలుసనుకున్నాను. ఈస్టు మొగ్గలు, కొన్ని దారాలు. మొండి రకం ఫంగస్, మందు మార్చాలి, అంతే.

కన్ను ఆనించాను. దారాల్లేవు. మొగ్గల్లేవు. బఠాణీగింజల్లా తెల్లరక్తకణాలు పడి ఉన్నాయి. వాటి మధ్య ఏదో వణికింది. తెల్లకణం కన్నా కాస్త పెద్దది, జామకాయ ఆకారం. ముందు నాలుగు తోకలు కొడుతూ, పక్కన అంచు అలలా ఆడిస్తూ, కుదుపులు కుదుపులుగా పక్క కణాల్ని తోసుకుంటూ పోతోంది. దాని వెనకే ఇంకోటి. పలక జరిపితే అక్కడా అవే.

చెరువు నీళ్ళ డ్రాపర్ వాడేశాననుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. చేతులు కడిగి, కొత్త పలక తీసి, కొత్త ఉప్పునీటి సీసా మూత విప్పి, మళ్ళీ మొదట్నుంచీ చేశాను. మళ్ళీ అవే. ఇది ఈదే ప్రొటిస్టు. ఇది బూజు కాదు. బూజు మందు ఎన్ని గొట్టాలు పూసినా దీనికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

పక్కగదికి వెళ్ళి జువాలజీ మేడాన్ని పిలుచుకొచ్చాను. పరాన్నజీవులు ఆవిడ పాఠం. నా క్లాస్‌మేటు కూడా. ఏమీ చెప్పకుండా చూడమన్నాను.

"అబ్బ, ట్రైకోమొనాసే! ప్రాణంతో ఉంది!" అని పండగ చేసుకుంది ఆవిడ. "మా దగ్గర రంగేసి చంపిన పలక ఒక్కటే ఉంది, ఎక్కడ దొరికిందే నీకు?"

"తెలిసినావిడది," అన్నాను.

"పాపం. ఆ మొగుణ్ణి ముందు నిలబెట్టి తన్నాలి."

"మొగుణ్ణెందుకు? ఏ టవల్ వల్లో, సబ్బు వల్లో..."

"బయట అదెంతసేపు బతుకుతుందే? మనిషి నుంచి మనిషికే వస్తుంది, అదీ మంచం మీద. మగాళ్ళకి చాలామందికి పైకి ఏమీ తెలీదు, దర్జాగా మోసుకు తిరుగుతారు. ఇద్దరూ కలిసి మాత్రలు మింగాలి, లేకపోతే మళ్ళీ అంటుకుంటుంది." అప్పుడు నా మొహం చూసింది. తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మళ్ళీ పెట్టి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

నా ఒంటి సంగతి నాకు తెలుసు. ఈ జన్మలో నా పక్కన పడుకున్న మగాడు ఒక్కడే. ఆడిట్ల పేరుతో నెలకో వారం ఊళ్ళు తిరిగొచ్చే ఆ ఒక్కడు. అయినా, సిగ్గులేకుండా చెబుతున్నాను, సాయంత్రం లేడీ డాక్టరు దగ్గర్నుంచి మాత్రలు తీసుకుని ఇంటికి నడుస్తూ నేను ఆయన తరఫునే వాదిస్తున్నాను. ఏదో ఒక్కసారి కాలుజారి ఉంటాడు. పైకి తెలీదు కదా, ఆయనకీ తెలిసుండదు. తెలిస్తే నన్నిలా ఉండనిస్తాడా? పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి, తెలిసి తెలిసీ ఉండనిస్తాడా? ఆ ఒక్క ముక్క మిగిలితే చాలు, దాన్ని పట్టుకుని ఎలాగోలా ఈదుదామనుకున్నాను.

ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అత్తయ్య హాల్లో టీవీ ముందుంది. మాత్రలు ఆయన ముందు పెట్టాను.

"డాక్టర్ని మార్చానండీ. పరీక్ష చేసి ఇవి ఇచ్చింది. మీరూ వేసుకోవాలట."

ఒక్క క్షణం అటు చూసి మళ్ళీ ఫోన్‌లోకి తల దించాడు. "అవా? నాకక్కర్లేదు. నాకెప్పుడో తగ్గిపోయింది."

అన్నాక ఆయన బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయింది.

నేను నిలబడే ఉన్నాను. ఏ వస్తువూ పగలలేదు, ఎవరూ అరవలేదు. కానీ నా లోపల ఒక్కొక్కటే వాటంతటవే తలుపులు తెరుచుకున్నాయి. దిండు చంకన పెట్టుకుని వెళ్ళింది అసహ్యమేసి కాదు, నయమయ్యాక మళ్ళీ అంటుకోకుండా. డాక్టరు ముందు నా వేళ్ళు పట్టుకుని చూపించింది, ఇంకెక్కడా చూడకుండా. గుట్టుగా మందు మింగి, ఒళ్ళు బాగుచేసుకుని, వచ్చి నాకు శుభ్రత నేర్పాడు. ఆ మాత్రల పేరు ఒక్కసారి నా చెవిన వేసుంటే సరిపోయేది. వాళ్ళమ్మ నన్ను అంటున్నప్పుడల్లా ఈయన పక్కనే కూర్చుని విన్నాడు. మోసం చేశాడంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. నేను కుళ్ళుతున్నానని తెలిసి, నిమ్మళంగా చూస్తూ కూర్చున్నాడు.

"ఏం తగ్గిందిరా నీకు?" అంది అత్తయ్య హాల్లోంచి, టీవీ గొంతు తగ్గించి.

"ఏం లేదమ్మా," అన్నాడు.

"ఉందత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ అబ్బాయి బయట ఎవరిదగ్గరో తెచ్చుకున్న జబ్బు నాకు అంటించాడు. తను మందు వేసుకున్నాడు. నాకు చెప్పలేదు."

ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. "ముందు అన్నం తినండి, తర్వాత మాట్లాడుకుందురు గానీ," అంది చివరికి, నా వైపు చూడకుండా. టీవీ గొంతు మళ్ళీ పెరిగింది.

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. క్షమించమంటాడేమో, అబద్ధమైనా ఆడతాడేమోనని చూశాను. "ఇప్పుడు అమ్మ ముందు ఇదంతా అవసరమా?" అన్నాడు. దాంతో నాకు పూర్తిగా తేలిపోయింది. అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

"బయట ఉన్న ఆ ఆవిడకైనా చెప్పారా?"

ఏ ఆవిడకి అని అడగలేదు ఆయన. తల అడ్డంగా ఊపాడు.

నా ఫోన్ తీసి బల్ల మీద పెట్టుకున్నాను.

"నంబరు చెప్పండి. ముందు ఆవిడకి మందు సంగతి చెప్పాలి. మీతో మాట్లాడేది ఆ తర్వాత, లాయరు దగ్గర."